మా బావమరిది పిస్టల్

ఆ పిస్టల్‌ను నేను మొదటిసారి చూసింది ఆక్లండ్ దక్షిణ శివారు మనురేవాలో, మా బావమరిది ఇంట్లో, భోజనాల బల్ల మీద. బల్ల మీద ఒక పాత టర్కీ టవల్ పరిచి ఉంది. దాని మీద నల్లటి ప్లాస్టిక్ పెట్టె, పెట్టెలో బూడిదరంగు స్పాంజి, స్పాంజిలో దాని ఆకారానికే తొలిచిన గుంట, ఆ గుంటలో అది. పక్కన తూటాలు నింపే రెండు మ్యాగజీన్లు, ఒక చిన్న బ్రష్షు, సన్నటి కవరులో వాడకం వివరించే పుస్తకం ఉన్నాయి. పుస్తకం కవరు ఇంకా చింపలేదు. పిస్టల్ కంటే ముందు నా కంట పడింది అదే.

ఆ పుస్తకాన్ని నేను అప్పటికే రెండుసార్లు చదివి ఉన్నాను. కంపెనీవారు అందరి కోసం ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతిని తెరిచి, ముఖ్యమైన పుటలు అచ్చు తీసుకుని, వాటి కింద గీతలు కూడా గీసుకున్నాను. పిస్టల్ లేనివాడు పుస్తకం చదివాడు, పిస్టల్ ఉన్నవాడు కవరు కూడా చింపలేదు. అక్కడే మొదలైంది నా కడుపుమంట.

"ఏంది బావా, దూరం నుంచే దండం పెట్టి పోతవా, దగ్గరికొస్తవా?" అన్నాడు మా బావమరిది.

అతను దాన్ని తీసి, మనుషులెవరూ లేని గోడమూల వైపు తిప్పి పట్టుకున్నాడు. మ్యాగజీన్ ఉండే చోటు ఖాళీ అని చూపించాడు. పైన ఉండే ఉక్కు భాగాన్ని, అంటే స్లైడ్‌ను, వెనక్కి లాగి ఆపి, తూటా కూర్చునే గదిలోకి చూశాడు, చిటికెన వేలు పెట్టి తడిమాడు. ఆ తర్వాతే నా చేతికిచ్చాడు. నేనూ అలాగే చూసి, తడిమి, అందుకున్నాను. ఆ వరస అతనికి నేర్పింది నేనే. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. తప్పి ఉంటే కొంత ఊరటగా ఉండేదేమో.

నేను అనుకున్నదాని కంటే తేలికగా ఉంది. మా క్లబ్బులో సభ్యులకు వాడుకోవడానికి ఇచ్చే పాత పిస్టళ్లు పూర్తిగా ఉక్కువి, వెనక చిన్న సుత్తి ఒకటి పైకి లేచి ఉంటుంది. దీనికి పిడి అంతా గట్టి ప్లాస్టిక్, సుత్తి అసలు లేదు. వెనక భాగం బొటనవేలి గోరంత వెడల్పున చదునుగా, ఒక చిన్న పలకతో మూసి ఉంది. లోపల, ఆ పలక వెనక, స్ప్రింగు బిగించిన ఉక్కు సూది ఒకటి పొంచి ఉంటుంది. దాన్నే స్ట్రైకర్ అంటారు. ట్రిగ్గర్ నొక్కితే ఆ సూది ముందుకు దూకి తూటా అడుగును కొడుతుంది. జరిగేదంతా లోపలే, బయటికి ఏమీ కనబడదు.

ఖాళీదే కనుక ఒకసారి ట్రిగ్గర్ నొక్కి చూశాను. కొంత దూరం వదులుగా వచ్చింది, తర్వాత ఒక గోడ తగిలినట్టయింది, ఆ తర్వాత ఎండిన కందికాయ చిట్లినట్టు టప్పుమంది. వంకర లేదు, గీసుకోవడం లేదు. పిడి నా అరచేతి గుంటలో ఖాళీ లేకుండా కూర్చుంది. మా బావమరిదివి పొట్టి వేళ్లు. అతను పట్టుకున్నప్పుడు బొటనవేలికి అందవలసిన మీటను అందుకోవడానికి పిడిని కొంచెం పక్కకు తిప్పుకోవలసి వచ్చింది. ఆ పని చేస్తుండగా చూశాను. నా చేతికి ఆ అవసరం లేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, కానీ లోపల చాలాసార్లు చెప్పుకున్నాను.

"ఎట్లున్నది?" అన్నాడు.

"పరవాలేదు. ట్రిగ్గర్ కొంచెం బరువనిపిస్తోంది," అన్నాను.

బరువు కాదు. చక్కగా ఉంది.

ఈ ఆటను మా కుటుంబంలోకి తెచ్చింది నేను. మా నాన్న మరమగ్గం మీద పనిచేసిన మనిషి. మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటివాణ్ణి నేనే. కాలేజీలో ఎన్‌సీసీ శిబిరానికి వెళ్లినప్పుడు ఒక్కొక్కరికి ఐదు తూటాలు కాల్చే అవకాశం ఇచ్చారు. నావి ఐదూ రూపాయి బిళ్లంత మేరలో పడ్డాయి. మా అధికారి ఆ కాగితాన్ని మడిచి నా జేబులో పెట్టారు. చదువులో నేను ఎన్నడూ తరగతికి మొదటివాణ్ణి కాలేదు. ఎంత చదివినా నాలుగో స్థానమో, ఐదో స్థానమో వచ్చేది. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం నాకంటే ముందు ఎవరూ లేరు.

ఆ తర్వాత ఈ దేశపు దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్‌లో పాలిటెక్నిక్ కాలేజీలో పై చదువు, అక్కడి నుంచి ఆక్లండ్, ఊరి ఉత్తరపు అంచున ఆల్బనీలో ఒక ఆఫీసులో నాణ్యత తనిఖీ నివేదికలు రాసే ఉద్యోగం. స్థిరపడ్డామనిపించాక పిస్టల్ క్లబ్బులో చేరాను. ఈ దేశంలో పిస్టల్ కావాలంటే దారి పొడుగు. ముందు మామూలు లైసెన్సు కావాలి. తర్వాత క్లబ్బులో ఆరు నెలలు పెద్దల కళ్ల ముందు కాల్చాలి. ఆపైన పిస్టల్ కోసం విడిగా అనుమతి తీసుకోవాలి. దానికి ఇంట్లో నేలకో గోడకో బోల్టులతో బిగించిన ఇనప సేఫ్ ఉండాలి, దాన్ని లైసెన్సు అధికారులు వచ్చి చూసుకోవాలి. ఆత్మరక్షణ కోసం అంటే ఇవ్వరు, ఆట కోసమైతేనే ఇస్తారు. ఇదంతా నేను చదివాను, ఫైలు పెట్టాను, ఆరు నెలలు పూర్తి చేశాను. మా ఫ్లాట్ యజమాని మాత్రం బోల్టు కాదు కదా, గోడకు మేకు కూడా కొట్టకూడదన్నారు. నా ఫైలు అక్కడే ఆగిపోయింది.

మా బావమరిది నాకంటే నాలుగు నెలల తర్వాత, ఊరికే చూద్దామని నా వెంట వచ్చి చేరాడు. అతను ఇంటర్ దగ్గర చదువు ఆపేశాడు. ఇక్కడికి వచ్చి గోదాముల్లో పనిచేసి, తర్వాత ఒక డెయిరీ కొన్నాడు. ఇక్కడ డెయిరీ అంటే వీధి మొగలో ఉండే కిరాణా కొట్టు. కొట్టుకు రెండు వీధుల అవతల ఇల్లు కూడా కొన్నాడు. ఆ ఇంటికి గ్యారేజీ ఉంది, గ్యారేజీకి కాంక్రీటు నేల ఉంది. ఒక మధ్యాహ్నం డ్రిల్లు తెచ్చి నాలుగు బోల్టులు దింపాడు. నేను నెలల తరబడి ఎదురుచూసిన అనుమతి అతనికి ముందు వచ్చింది.

అనుమతి వచ్చిన వారంలోనే మా ఇంటికి వచ్చి, "బావా, నువ్వైతే ఏది కొంటవ్?" అని అడిగాడు. నేను ఫైలు విప్పాను. ఏ పిస్టల్ పిడి ఎలాంటిది, దేనికి విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, దేని మీద ఏ ఫిర్యాదులున్నాయి అని నేను రాసుకున్న పట్టికలు చూపించాను. గంటసేపు వివరించాను. అతను మిర్చి బజ్జీలు తింటూ అంతా విని, వేళ్లు తుడుచుకుని, "అయితే గదే," అన్నాడు. గదే కొన్నాడు. నా చొక్కా తొడుక్కుని మరొకడు నాకు కుదిరిన పెళ్లిచూపులకు వెళ్లినట్టనిపించింది నాకు.

పిస్టల్ చూడటానికి నేనూ నా భార్యా వెళ్లిన ఆ ఆదివారం మా అత్తమ్మ కూడా అక్కడ ఉంది. మూడు నెలలుండి పోదామని కొడుకు దగ్గరికి వచ్చింది. బల్ల మీద ఉన్నదేమిటో తెలిశాక మొదట భయపడింది.

"దుకాణంల పెట్టుకుంటవా బిడ్డా, దొంగలొస్తరని?"

"గా పని చేస్తె నన్నే లోపలేస్తరమ్మా. ఇది ఆటకు. క్రికెట్ బ్యాట్ లెక్క."

"బ్యాటైతేంది, కొత్తది కాదా? మొన్న కారు తెస్తె నిమ్మకాయ తొక్కియ్యలే? దీనికి బొట్టన్న పెట్టనియ్."

"నిమ్మకాయ దీని కింద పెడితె ఏం తొక్కుతదమ్మా?" అని నవ్వాడు కానీ, ఒప్పుకున్నాడు. పిస్టల్ ఖాళీ అని మరోసారి చూసి, మళ్లీ టవల్ మీద పెట్టి, ఎవరూ చేతిలోకి తీసుకోకుండా బొట్టు మాత్రం పెట్టాలన్నాడు. అది కూడా నేను నేర్పిన జాగ్రత్తే.

మా అత్తమ్మ పళ్లెం సిద్ధం చేసుకుంది. బొట్టు రాలిపోకూడదని కుంకుమను కొబ్బరినూనెతో కలిపింది. చలికి గడ్డకట్టిన నూనె సీసాను హీటర్ ముందు పెట్టి కరిగించుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అల్లుడా, నువ్వు సదువుకున్నోనివి, చెప్పు. దీనికి మొఖం యాడున్నది?"

"ముందట గొట్టమే మొఖం," అన్నాడు మా బావమరిది.

"గొట్టం ముందు చెయ్యి పెట్టకూడదత్తమ్మా, ఖాళీదైనా సరే," అన్నాను నేను. "వెనక చదునుగా ఉంది చూడండి, అక్కడ పెట్టండి."

ఆ మాట చెప్పినప్పుడు నా మనసులో ఏ చెడూ లేదు. జాగ్రత్త కోసమే చెప్పాను. ఇది ఇప్పటికీ నమ్ముతాను.

ఆమె ఉంగరపు వేలితో బొట్టు పెట్టింది. నూనె ఎక్కువై బొట్టు జారింది. అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. ఆ చదును పలక వెనకే సూది ఉంటుంది. సూది కదిలే దారిలో నూనె చుక్క కూడా పడకూడదని పుస్తకంలో ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. ఆ వాక్యం కింద నేను గీత కూడా గీశాను. చెప్పడానికి నోరు తెరిచాను.

అదే సమయంలో అత్తమ్మ వెలిగించిన కర్పూరానికి పైకప్పులోని పొగ అలారం కూత మొదలుపెట్టింది. మా బావమరిది కుర్చీ ఎక్కి, పొడి గుడ్డతో అలారానికి విసురుతున్నాడు. నా భార్య కిటికీలు తెరుస్తోంది, నవ్వుతోంది. ఆ సందడిలో అత్తమ్మ జారిన బొట్టు మీద ఇంకో బొట్టు అద్దింది. పలక అంచు దగ్గర వెంట్రుకంత సందు ఉంటుంది. ఎర్రటి నూనె గీత ఒకటి ఆ సందు దాకా వెళ్లి, లోపలికి ఇంకిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ చూసింది మరెవరైనా అయితే దాని సంగతి తెలియకపోవచ్చు. కానీ నేను ఇన్వర్‌కార్గిల్‌లో రెండేళ్లు ఉన్నవాణ్ణి. అక్కడ కొబ్బరినూనె సీసాలో చలికాలమంతా నూనె రాయిలా ఉండేది, తలకు రాసుకోవాలంటే చెంచాతో గీరేవాళ్లం. హీటర్ ఉన్న గదిలో నీళ్లలా కనబడే ఆ నూనె గ్యారేజీ చలికి మైనమవుతుందని నాకు తెలుసు. మైనంలో కూరుకుపోయిన సూది ఏ మాత్రం దూకగలదో కూడా తెలుసు.

అలారం ఆగింది. తెరిచిన నోరు నేను మూసుకున్నాను. పుస్తకం కవరు చింపి ఉంటే అతనికే తెలిసేది కదా అనుకున్నాను. మా బావమరిది పైపైన బొట్టు తుడిచి, పిస్టల్‌ను తీసుకెళ్లి సేఫ్‌లో పెట్టి తాళం వేశాడు. అందరం భోజనానికి కూర్చున్నాం. కూర బాగుందని రెండుసార్లు అన్నాను.

తర్వాతి శనివారం పొద్దున రేంజ్‌లో, అంటే క్లబ్బు కాల్పుల మైదానంలో, గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. మా బావమరిది కొత్త చెవి కవచాలు పెట్టుకుని, నలుగురిని పిలిచి మరీ వరుసలో నిలబడ్డాడు. కాల్చవచ్చన్న ఆదేశం వినబడింది. అతను గురి పెట్టాడు, నొక్కాడు.

క్లిక్‌మంది, అంతే.

అతను కదల్లేదు. తూటా ఆలస్యంగా పేలవచ్చు కనుక, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, నేర్పినట్టే, ముప్పై సెకన్లు లెక్కపెట్టాడు. రేంజ్ అధికారి పక్కకు వచ్చి తూటాను బయటికి తీయించారు. ఆయన ఈ దేశపు మనిషే, వయసు డెబ్భై పైన. తూటా అడుగున సూది దెబ్బ గుంటలా పడాలి. పడలేదు, గోటితో నొక్కినంత ముద్ర మాత్రమే ఉంది. రెండోది పేలింది. మూడోది క్లిక్. నాలుగోది క్లిక్. తూటాల పెట్టె మార్చి చూశారు. తేడా లేదు.

"కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి బాగుంటుంది," అన్నారెవరో. అందరూ నవ్వారు. మా బావమరిది కూడా నవ్వాడు కానీ, అతని చెవులు ఎర్రబడ్డాయి.

రేంజ్ అధికారి నవ్వలేదు. "వెనక వైపు నుంచి లోపలికి నూనె ఏమైనా వేశావా?" అని అడిగారు.

"ఒక్క చుక్క కూడా వెయ్యలేదు," అన్నాడు మా బావమరిది. నా వైపు తిరిగి తెలుగులో, "చెప్పు బావా, దాన్ని పెట్టెలకెళ్లి తీసినప్పుడు నా పక్కన్నే ఉన్నవ్ కద," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు.

"అతను దానికి నూనె వేయగా నేను చూడలేదు," అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆ వాక్యంలో ఒక్క అబద్ధం లేదు. నూనె వేసింది అతను కాదు. నివేదికలు రాసి రాసి నేను బాగా అలవరచుకున్న విద్య అది. రేంజ్ అధికారి తల ఊపి, స్ప్రింగే లోపమై ఉంటుంది, అమ్మినవాళ్లకు తిరిగి పంపు అన్నారు.

ఆ రోజు మిగిలిన సమయమంతా ఇద్దరం క్లబ్బు పిస్టళ్లతోనే కాల్చాం. నా గుళ్లు ఆ సంవత్సరంలో ఎప్పుడూ పడనంత దగ్గరగా పడ్డాయి. కాగితం తెచ్చుకుంటుంటే మా బావమరిది దాన్ని నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. "మస్తు కొట్టినవ్ బావా," అన్నాడు. ఆ గొంతులో ఏ వంకరా లేదు. అదే నాకు మరీ మింగుడుపడలేదు.

కారు దగ్గర పెట్టెకు తాళం వేస్తూ అన్నాడు. "ఇది నాకు అచ్చిరాలే. వాపస్ పంపితె నెలలు పడతదట. నీ ఇంటాయన ఒప్పుకున్నడన్నవ్ కద?"

నిజమే. ఆ వారమే మా యజమాని ఎట్టకేలకు గ్యారేజీ నేలకు బోల్టులు దింపుకోవచ్చని రాసిచ్చారు.

"అయితే నీ పర్మిషన్ వచ్చినంక నువ్వే తీస్కో. సగానికిస్త. అప్పటిదాంక నా సేఫ్‌ల ఉంటది. నువ్వైతె పుస్తకం సదివి బాగుచేస్కుంటవ్. నాతోని కాదు ఇగ. క్లబ్బు గూడ బంద్ జేస్త."

"చూద్దాం," అన్నాను.

మూడు రోజులు నిజంగానే చూశాను. నూనెను కరిగించే ద్రావకం, గుడ్డ, పావుగంట సమయం ఉంటే చాలు. ఆ పిస్టల్ కొత్తదానిలా పనిచేస్తుంది, నాదవుతుంది. నేను ఎవరినీ మోసం చేయడం లేదు, అడిగింది అతనే, ధర చెప్పింది అతనే. ఈ వాదన ఎంత శుభ్రంగా ఉందో చూసుకుని మురిసిపోయాను కూడా. మంగళవారం సాయంత్రం దరఖాస్తు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నా భార్య ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతోంది. "తమ్ముడు క్లబ్బు బంద్ జేస్తడట," అంది. "వారమంతా పొద్దుగాల ఆరింటికి దుకాణం తెరుస్తడు. శనివారం గా రెండు గంటలే వాడు బయటికొచ్చేది. గదీ లేకుంటే ఇగ వానికేమున్నది?"

నేను దరఖాస్తులో తర్వాతి గడి నింపాను.

"మీరు సగానికి తీస్కుంటున్నరట?"

"అనుకుంటున్నాను."

"ఖరాబైనదాన్ని ఏం జేస్తరు?"

"బాగుచేసుకుంటాను."

"మీకొస్తదా?"

"వస్తుంది."

ఆమె బెండకాయ ముచ్చిక కోసి పక్కన పెట్టింది. "అయితె వానికే బాగుజేసియ్యొచ్చు కద," అంది. అందులో దెప్పిపొడుపు లేదు. ఆమెకు అది మామూలు ప్రశ్న. మూడు రోజులుగా నేను కట్టుకున్న వాదనలో ఆ ప్రశ్నకు చోటు పెట్టలేదు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టాను. కారు నా భార్య తీసుకెళ్లింది కనుక ఆల్బనీ నుంచి బస్సులో ఊళ్లోకి, అక్కడి నుంచి రైలులో మనురేవాకు వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. ఆ రోజు నాకు పూర్తిగా నమ్మకం కలగలేదని, రేంజ్‌లో నలుగురి మధ్య చెప్పడం బాగుండదని, తర్వాత పరిశీలించగా అనుమానం బలపడిందని చెబుదామనుకున్నాను. మంచి వాక్యాలే కుదిరాయి. నివేదికలో అయితే ఎవరూ తప్పు పట్టలేరు.

మా బావమరిది కొట్టును భార్యకు అప్పగించి నాతో ఇంటికి వచ్చాడు. పిస్టల్‌ను అతనే తీశాడు, అతనే ఖాళీ అని చూశాడు. నేను చెబుతూ ఉంటే స్లైడ్ విడదీశాడు. సన్నటి మేకుతో లోపలి బిళ్లను నొక్కిపట్టి వెనక పలకను కిందికి జార్చమన్నాను. పలక వచ్చింది. దాని వెనక సూది, స్ప్రింగుతో సహా, టవల్ మీదికి వచ్చింది. సూది చుట్టూ గులాబీరంగు మైనం పేరుకుని ఉంది.

అతను దాన్ని వేలితో గీరి, వాసన చూశాడు. కొంతసేపు వంటింటి వైపు చూశాడు. అక్కడ అత్తమ్మ టీ పెడుతోంది.

"అమ్మ పెట్టిన బొట్టు," అన్నాడు మెల్లగా.

"అవును."

"నీకెట్ల తెలిసింది బావా, ఆల్బనీల కూసోని?"

ఊహించానని చెప్పవచ్చు. నమ్మేవాడు. రైలులో కూర్చుకున్న వాక్యాలు కూడా అందుబాటులోనే ఉన్నాయి.

"ఆ రోజే చూశాను. నూనె లోపలికి పోతుంటే చూశాను."

"మరి చెప్పలేదేంది?"

"చెప్పలేదు."

"రేంజ్‌ల గా ముసలాయన అడిగినప్పుడు?"

"అప్పుడు కూడా."

అతను సూదిని టవల్ మీద పెట్టాడు. "ఎందుకు?"

"ఓర్వలేక," అన్నాను.

ఆ ఒక్క మాటే వచ్చింది. అతను నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. తిడతాడనుకున్నాను. నవ్వుతాడని కూడా అనుకున్నాను.

"పుస్తకం లెక్క ఏదన్న చెప్తవనుకున్న," అన్నాడు చివరికి. గుడ్డ తీసుకుని సూదిని తుడవడం మొదలుపెట్టాడు. తల ఎత్తకుండానే, "అమ్మకు చెప్పకు. తన బొట్టుతోని ఖరాబైందంటె నిద్రపోదు," అన్నాడు.

అత్తమ్మ టీ తెచ్చింది. "బాగైందా బిడ్డా?" అని అడిగింది.

"అయింది. బావనే బాగుచేసిండు."

"అందుకే అంటరు, ఇంట్ల ఒక్కడన్న సదువుకున్నోడు ఉండాలె అని," అంది ఆమె. నా కప్పులో మరికొంత టీ పోసింది. నేను తాగాను. వేడిగా ఉంది, చల్లారే దాకా ఆగలేదు.

ఆ శనివారం పిస్టల్ యాభై తూటాలు కాల్చింది. ఒక్కటి కూడా ఆగలేదు. నేను రెండు వరుసల అవతల, క్లబ్బు పిస్టల్ పట్టుకుని, ప్రతి మోతనూ విన్నాను. అతని గుళ్లు చెదురుమదురుగా పడ్డాయి. ఆ పిడి అతని చేతికి సరిపోయేది కాదు. ఆ మాట నేను చెప్పాలి, పిడి వెనక అతికించే ముక్కను మార్చుకుంటే సరిపోతుంది. ఆ సాయంత్రం చెప్పాను. మార్చుకున్నాడు. తర్వాతి వారం అతని గుళ్లు దగ్గరపడ్డాయి, నా కడుపులో మళ్లీ మండింది. మంచిపని చేస్తే అసూయ చల్లారుతుందని ఎవరు చెప్పారో కానీ, నా విషయంలో అలా జరగలేదు.

రేంజ్ అధికారి ఒకసారి అతన్ని అడిగారు, బాగుచేసింది మీ బావ అంటున్నావు కదా, ఆయనకూ ఒక మ్యాగజీన్ నిండా కాల్చడానికి ఇవ్వకపోయావా అని. మా బావమరిది మర్యాదగా, "వచ్చే వారం," అన్నాడు. ఆ వారం వచ్చింది, ఇంకా కొన్ని వారాలూ వచ్చి వెళ్లాయి. అతను ఇవ్వలేదు, నేను అడగలేదు. అడిగితే ఇస్తాడని తెలుసు.

నా అనుమతి ఇంకా రాలేదు. సేఫ్ మాత్రం గ్యారేజీలో బిగించి ఉంది, ఖాళీగా. ప్రతి శనివారం నేను మనురేవా దాకా వెళ్లి అతన్ని ఎక్కించుకుంటాను. కొట్టు సంగతులు, అత్తమ్మ టికెట్ సంగతి, పిల్లల చదువులు మాట్లాడుకుంటాం. రేంజ్‌లో అతను పెట్టె తాళం తీసి పిస్టల్ బయటికి తీసేటప్పుడు నేను వేరే పనేదో ఉన్నట్టు కనబడుతూ అటే చూస్తాను. అంతకుముందు కూడా అలాగే చూసేవాణ్ణి. ఇప్పుడు నేను చూస్తున్నానని అతనికి తెలుసు.